తెలుపా, తుడుపా

మాంసం ఊపిరి పీల్చుకుంటుందని నాకు మొట్టమొదట చెప్పింది మా సారు.

బతికున్న జీవి సంగతి కాదు. సన్నగా తరిగి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి కలిపి, పేగులో కూరి, తాడుతో బిగించి కట్టిన మాంసం సంగతి. దాన్ని సలామీ అంటారు. వండరు, కాల్చరు. చల్లటి గదిలో వేలాడదీసి వారాల తరబడి ఆరబెట్టి, అలాగే కోసుకుని తింటారు. అది ఊపిరి పీల్చుకోవాలట, అందుకని దానికి ప్లాస్టిక్ కవరు తొడగకూడదట. నేను తల ఊపాను. సారు ఏం చెప్పినా తల ఊపడం నాకు అప్పటికే అలవాటు. అర్థమైతే ఒకసారి ఊపేవాణ్ణి, కాకపోతే రెండుసార్లు. ఆ రోజు రెండుసార్లు ఊపాను.

ఆ ఇంట్లో పనికి చేరి అప్పటికి ఐదు నెలలు. అంతకుముందు పన్నెండేళ్లు ఇదే బహ్రెయిన్‌లో సెంట్రింగ్ పని చేశాను. మాది జగిత్యాల వైపు ఒక పల్లె. మా వైపు నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది చేసే పనే అది. ఒకరోజు మెట్ల మీద నుంచి జారి మోకాలు మెలితిరిగింది. సల్మానియాలో ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక బరువులు మోయొద్దు, నిచ్చెనలు ఎక్కొద్దు అన్నాడు. బరువు మోయకుండా, నిచ్చెన ఎక్కకుండా సెంట్రింగ్ చేసే ఉపాయం కూడా నువ్వే చెప్పు అందామనుకున్నాను గానీ ఆయన తప్పేముంది? నెల రోజులు లేబర్ క్యాంపులో మంచం మీద పడి, ఇంటికి పోవాలా, ఇక్కడే ఉండాలా అని కొట్టుకులాడుతుంటే, మేమంతా నిజామాబాద్ భాయ్ అని పిలిచే ఒకతను ఒక కబురు తెచ్చాడు. భాయ్ డ్రైవరు. కర్జకాన్ అనే ఊళ్లో ఒంటరిగా ఉండే ఒక ముసలి ఇటలీ సారు కారు నడుపుతాడు. ఆ ఇంట్లో వంటకూ, తుడుచుకోవడానికీ మనిషి కావాలట.

"వంటొస్తదా భాయ్ నీకు?" అని అడిగాడు.

"క్యాంపుల ఇరువై మందికి ఒండిన."

"గది చాలు. సారు ఏది వెడ్తే గది తింటడు."

కంపెనీవాళ్లు ఆరు నెలలకు ఒప్పుకుని నన్ను పంపారు. ఆ ఆరు నెలల్లో నా పని నచ్చితే సారు తన పేరు మీదికి వీసా మార్పించుకుంటాడు. నచ్చకపోతే మళ్లీ కంపెనీకే. కంపెనీకి పోవడమంటే ఈ మోకాలుతో నిచ్చెన ఎక్కడం.

అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాను. అయినా మొదటి వారంలోనే పప్పు అడుగంటింది. పెట్టక తప్పక పెట్టాను. సారు రెండుసార్లు వడ్డించుకుని "గుడ్, వెరీ గుడ్" అన్నాడు. ఇంకోసారి పాలు మాడిపోయి ఇల్లంతా కమురు వాసన. నేను బిక్కచచ్చిపోయి కిటికీలన్నీ తెరుస్తుంటే సారు పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. తప్పును చూసీ చూడనట్టు వదిలేసే ఫోర్‌మన్ పన్నెండేళ్లలో నాకు ఒక్కడూ తగల్లేదు మరి. ఇంటికి ఫోన్ చేసి నా వంట సారుకు తెగ నచ్చిందని మా ఆవిడకు చెప్పాను. "నువ్వొండిందేనా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. నా వంట ఆమెకు తెలుసు.

ఏప్రిల్‌లో ఒకరోజు సారు సలామీ చేస్తానని కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్న చేసేవాడట. అందులోకి పంది మాంసం, గొడ్డు మాంసం, అంటే మేం పెద్దకూర అనేది, రెండూ పడాలన్నాడు. ఇక్కడ పంది మాంసం కొన్ని పెద్ద దుకాణాల్లో ఓ మూలగా వేరే గదిలో అమ్ముతారు. ఆ గది గడప భాయ్ తొక్కడు. నేనే వెళ్లి తెచ్చి, మూడు కవర్లు ఒకదాని మీద ఒకటి తొడిగి డిక్కీలో పెట్టాను. అయినా కర్జకాన్ వచ్చేదాకా భాయ్ అద్దంలోంచి డిక్కీ వైపే చూశాడు.

"గది ముట్టుకున్న చేత్తోని నా కారు డోర్ ముట్టకు భాయ్, నీకు దండం వెడ్త" అన్నాడు.

"నేను గూడ తినేటోన్ని గాదు. మా ఇంట్ల పెద్దకూర ముట్టరు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. దానిలో సగం అతనికి పనికిరాదు, మిగతా సగం నాకు పనికిరాదు. రెండూ కలిపి ఒకే పేగులో కూరాక ఇక మా ఇద్దరికీ దానితో పనే లేదు. అట్లాగే అనుకున్నాం అప్పుడు.

సారు ఐదు సలామీలు చేశాడు. వంటింటి వెనక చిన్న స్టోరు గది ఉంది. ఏసీ పదహారు మీద పెట్టి ఐదింటినీ అందులో వరుసగా వేలాడదీశాడు. సన్నవి కాబట్టి నెలకే తయారవుతాయన్నాడు. వారం తర్వాత ఆయన మూడు వారాలకని కూతురి దగ్గరికి ప్రయాణమయ్యాడు. తిరిగొచ్చిన మర్నాడే, శుక్రవారం మధ్యాహ్నం, నలుగురు పాత స్నేహితులను భోజనానికి పిలుచుకున్నాడు. వాళ్ల ముందు సలామీ కోయాలని ఆయన ఆశ. వెళ్లే ముందు నన్ను స్టోరు గదిలోకి తీసుకుపోయి అప్పగింతలు పెట్టాడు.

"ఏసీ, నో ఆఫ్. డోర్, క్లోజ్. ప్లాస్టిక్, నో." ఒక సలామీ మీద వేలు పెట్టి, "వైప్, గుడ్. గ్రీన్, నో గుడ్. బ్లాక్, నో గుడ్" అన్నాడు.

ఆ ఇంట్లో నా చెవిన పడే మాటల్లో సగం ఈ 'వైప్' అనేదే. టేబుల్ వైప్, గ్లాస్ వైప్, ఫ్లోర్ వైప్. కాబట్టి ఇది నాకు బాగానే అర్థమైంది. సలామీని శుభ్రంగా తుడుస్తూ ఉండాలి, పచ్చగానో నల్లగానో అవనివ్వకూడదు. ఈసారి ఒకసారే తల ఊపాను. సారు నా భుజం తట్టి, "నేనొచ్చాక నీ వీసా కాగితాలు చూద్దాం" అన్నాడు. ఆ మాటకు ఆ రోజంతా నా మోకాలు కూడా నొప్పి పెట్టలేదు.

సారు వెళ్లిన వారానికి ఒక పొద్దున స్టోరు గది తలుపు తీస్తే ఐదు సలామీల మీదా తెల్లటి మచ్చలు. వేలితో రాస్తే పొడిలా అంటుకుంది. బూజు! ఇంకేముంది, కొంప మునిగింది. ఏసీ నడుస్తూనే ఉంది, తలుపు మూసే ఉంది, ప్లాస్టిక్ దగ్గరికి కూడా రానివ్వలేదు. మరి బూజు ఎక్కడి నుంచి వచ్చింది? సారుకు ఫోన్ చేద్దామా అంటే, నమ్మి అప్పగిస్తే వారానికే పాడు చేశావా అంటాడేమోనని భయం. మా ఆవిడకు చేశాను.

సలామీ అంటే ఏమిటో ఆమెకు చెప్పడం నా వల్ల కాదనిపించి, ఆమెకు తెలిసిన మాటే వాడాను. మా వైపు మాంసాన్ని సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద వేసి ఎండబెడతారు. ఒట్టి తునకలంటారు వాటిని. "ఒట్టి తునకల మీద తెల్లగ బూజు వట్టింది, ఏం జెయ్యాలె?" అని అడిగాను.

"దుబాయిల ఒట్టి తునకలెవలు వెట్టిండ్రు నీకు?" అంది. ఇది బహ్రెయిన్ అని పన్నెండేళ్లుగా చెప్తున్నా ఆమెకు దుబాయే.

"మా సారు వెట్టిండు."

"ఇటలోళ్లు గూడ వెడ్తరా?"

"వెడ్తరు."

"అయితే గంతే గదా. తడిగుడ్డతోని మంచిగ తుడ్వు. ఇంత ఉప్పు, ఇంత పసుపు రాసి రెండు దినాలు ఎండల గట్టు. ఎండ దాకితే బూజు మల్ల రమ్మన్నా రాదు. గంత ఎండ వెట్టుకోని నన్నడుగుతున్నవా?"

సారు తుడవమన్నాడు, ఈమె తుడవమంది. ఇటలీకీ జగిత్యాలకూ ఒకే మాట. ఇంక అనుమానం ఏముంటుంది? తడిగుడ్డతో తెలుపంతా పోయేదాకా తుడిచాను. ఉప్పూ పసుపూ కలిపి పట్టించాను. మేడ మీద బట్టల తాడుకు కట్టాను. తాడు మీద చోటు నాలుగింటికే సరిపోయింది. ఐదోదాన్ని మర్నాడు కడదాంలే అని గదిలోనే, తుడవకుండా వదిలేశాను.

ఆ మేడ మీద నుంచి చూస్తే ఖర్జూరం తోటలు, వాటికి అవతల సముద్రం. మే నెల ఎండ. నీళ్ల ట్యాంకు నీడలో కర్ర పట్టుకుని కాకులు రాకుండా కాపలా కూర్చున్నాను. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఇట్లాగే తునకల కాపలాకు కూర్చోబెట్టేది. ఆ పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కాపలాదారుకు ఒక తునక దొరికేది. ఆ పూట ఎంత సంతోషంగా కూర్చున్నానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

పన్నెండు దాటాక కింద టప్‌మని ఏదో పడ్డ చప్పుడు. చూస్తే నూనె చుక్క. ఇంకొకటి. నాలుగు సలామీల కిందా నాలుగు పచ్చటి నూనె మడుగులు. అప్పుడు తట్టింది నాకు. మేం ఒట్టి తునకలకు కొవ్వు తీసేసి ఎండబెడతాం. వీటి నిండా తెల్లటి కొవ్వు ముక్కలే. ఎండకు ఆ కొవ్వంతా కరిగి కారిపోతోంది. గబగబా విప్పాను. చేతిలో మెత్తగా, జిడ్డుగా, పసుపు రంగులో మెరుస్తున్నాయి. సారు పచ్చగా కానివ్వొద్దు అన్నవాటిని నా చేతులతో నేనే పచ్చగా చేశాను. ఆయన చెప్పిన పచ్చ వేరు, ఈ పచ్చ వేరు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఇంకా జిడ్డు కారుతుంటే స్టోరు గది పాడవుతుందని నాలుగింటినీ నాలుగు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మూతి కట్టి, వంటింటి ఫ్రిజ్‌లో దాచాను. ఊపిరి సంగతి ఆ కంగారులో గుర్తే రాలేదు. గుర్తొచ్చినా నమ్మి ఉండేవాణ్ణి కాదు.

వారం తర్వాత కవర్లు విప్పాను. లోపలంతా నీటి బొట్లు. సలామీల పైతోలు బంకగా వేలికి అంటుకుని సాగింది. వాసన చూశాను. పుల్లగా ఉంది. కానీ దాని అసలు వాసన ఏమిటో నాకేం తెలుసు? చేసిన రోజు కూడా వెల్లుల్లి వాసనలో ఏదో పులుపు ఉన్నట్టే గుర్తు. సారు అందులో ఏదో పొడి కలుపుతూ, ఇది పులియాలి అని చెప్పినట్టూ గుర్తు. పులియడం వేరు, కుళ్లడం వేరు. దోసెపిండి దగ్గరైతే నేను కళ్లు మూసుకుని చెప్తాను. దీని దగ్గర ఏ పులుపు మంచిదో, ఏది చెడ్డదో ఎవరు చెప్పాలి?

పోల్చుకుందామని ఐదోదాని దగ్గరికి వెళ్లాను. తలుపు తీసి అక్కడే నిలబడిపోయాను. అది పైనుంచి కిందిదాకా తెల్లగా, పిండిలో దొర్లించినట్టు ఉంది. ఇదైతే పూర్తిగా పోయింది అనుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కమ్మటి వాసన. ఆరిన పుట్టగొడుగుల్లాంటి వాసన. పట్టుకుంటే గట్టిగా, పొడిగా ఉంది. బూజు పట్టినది బాగుంది, బూజు తుడిచినవి కంపు కొడుతున్నాయి. నా బుర్ర పనిచేయడం మానేసింది.

భాయ్‌ని పిలిచాను. వంటింటి గుమ్మం అవతలే నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"జెర వాసన జూడు భాయ్."

"పాగలైనవా? నేనెందుకు జూడాలె? నువ్వు జర్రంత నోట్లేసుకోని జూడు."

"నేను తిన అని జెప్పిన గదా."

"నేను అస్సలే తిన."

ఇంటెడు మాంసం, ఇద్దరు మనుషులు, ఒక్క నాలుకా పనికి రాదు. చివరికి భాయ్‌కే ఉపాయం తట్టింది. గోడ మీద ఎప్పుడూ ఒక గోధుమరంగు పిల్లి తిరుగుతుండేది. దానికి వేసి చూద్దామన్నాడు. చిన్న ముక్క కోసి వేశాను. పిల్లి వాసన చూసింది, నా వైపు చూసింది, ముక్క నోట కరచుకుని గోడ దూకి పోయింది. అంతే. ఆ రోజు మళ్లీ కనబడలేదు. మర్నాడూ కనబడలేదు. ఒక మూగజీవిని చంపుకున్నానేమోనని నాకు అన్నం దిగలేదు. కుంటుకుంటూ పక్క వీధులన్నీ తిరిగాను. మూడో రోజు అది ఒక తోట గోడ మీద పడుకుని ఒళ్లు నాకుతూ కనబడింది. అయితే సలామీ మంచిదే అన్నాడు భాయ్. ముక్క తిన్నదో, ఎక్కడన్నా పడేసిందో మాకెట్లా తెలుసు అన్నాను నేను. పిల్లిని అడిగి రా అని విసుక్కున్నాడు.

సారు రావడానికి రెండు రోజులు ఉందనగా భాయ్ తన ఫోన్‌లో ఒక వీడియో వెతికి పట్టాడు. భాష మాకు రాదు. చూస్తే ఒక పెద్ద గది, అందులో వందల సలామీలు, అన్నీ తెల్లగా, మా ఐదోదానిలాగే ఉన్నాయి. ఒకాయన వాటి మధ్య నడుస్తూ ఆ తెల్లటి పొడిని చూపించి మురిసిపోతున్నాడు. ఇంకో వీడియోలో పచ్చటి బూజు పట్టినదాన్ని చూపించి తల అడ్డంగా ఊపాడు.

"అరే భాయ్," అన్నాడు భాయ్ మెల్లగా, "సారు నీకు వైప్ అన్నడా, వైట్ అన్నడా?"

వైట్ గుడ్. గ్రీన్ నో గుడ్. బ్లాక్ నో గుడ్. మూడూ రంగులే! రంగులు చెప్తూ చెప్తూ మధ్యలో తుడవమని ఎందుకంటాడు? తెలుపు మంచిదని చెప్తే నేను తుడుపు మంచిదని విన్నాను. ఆ తెల్ల బూజు దానికి కాపలా. కాపలాను తుడిచిపారేసి, కర్ర పట్టుకుని నేను కాపలా కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం నేను చేసిన పని ఇప్పటిదాకా మా ఆవిడకు కూడా చెప్పలేదు. భాయ్ వెళ్లిపోయాక ఒక సలామీ తీసి, బంక పోయేలా కడిగి, పసుపు పోయేలా రుద్ది, గుడ్డతో తుడిచి, మైదాపిండిలో దొర్లించాను. అదనపు పిండి ఊది, తీసుకుపోయి ఐదోదాని పక్కన వేలాడదీశాను. రెండడుగులు వెనక్కి వచ్చి చూశాను. ఏది ఏదో గుర్తుపట్టలేకపోయాను. నేను చేసినదాన్నే నేను గుర్తుపట్టలేకపోయాను! వీసా, మోకాలు, నిచ్చెన, అన్నీ ఆ పిండితో ఒడ్డెక్కేట్టు కనిపించాయి. మిగతా మూడూ ఇట్లాగే చేస్తే ఎవరికీ తెలియదు. మరి శుక్రవారం ఆ నలుగురు పెద్దమనుషులూ, సారూ తింటే? తిని ఏమన్నా అయితే? ఏమీ కాదేమో. ఏమన్నా అవుతుందేమో. ఆ రెండు ఏమోల మధ్య నిలబడి చాలాసేపు చేతికంటిన మైదాను చూసుకున్నాను. తర్వాత దాన్ని విప్పి మళ్లీ కడిగేశాను. మంచితనం కాదు, భయం. అంత బాగా కుదిరినందుకు భయం వేసింది.

గురువారం పొద్దున సారు వచ్చాడు. కారు దిగీ దిగకముందే "సలామీ?" అన్నాడు. ఆయన్ని వంటింట్లోకి తీసుకుపోయి నాలుగింటినీ బల్ల మీద పెట్టాను. ఐదోదాన్ని పక్కన పెట్టాను. నా సంచీ అప్పటికే సర్దేసుకున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో వైట్, వైప్, పసుపు, ఎండ, ప్లాస్టిక్, పిల్లి, అన్నీ చెప్పాను. ఇంగ్లీషు అందనిచోట గుమ్మం అవతల నుంచి భాయ్ అందించాడు. మైదా సంగతి కూడా చెప్పాను. దాన్ని భాయ్ కూడా అప్పుడే విన్నాడు. అతను నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను.

సారు ఒకదాన్ని తీసుకుని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది. మధ్యకు కోశాడు. అంచులు గట్టిగా, మధ్యలో బూడిద రంగు ముద్ద. తర్వాత ఆ ముక్క తన ముక్కు దగ్గర పెట్టుకోకుండా నా ముక్కు దగ్గర పెట్టాడు.

"హౌ ఈజ్ స్మెల్?"

"సారూ, మీరే చూడండి" అన్నాను.

ఆయన తన ముక్కు మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. "నో స్మెల్. టూ ఇయర్స్." రెండేళ్ల కింద వచ్చిన ఒక జ్వరంతో వాసన పోయిందట. రుచి కూడా ఉప్పూ కారం తప్ప ఏదీ తెలియదట. అందుకే సలామీ మంచిచెడ్డలు నా చేత వాసన చూపించే తేల్చుకుందామనుకున్నాడట. కళ్లు తనవి, ముక్కు నాది అనుకున్నాడట.

మాడిన పప్పు, మాడిన పాలు, వెరీ గుడ్. పెద్ద మనసూ కాదు, నా చేతి మహిమా కాదు. ఇన్ని నెలలుగా నేను మురిసిపోయిందంతా ఆ ముక్కు పోయినందువల్లే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ మైదా పూసినదాన్ని ఆయన పళ్లెంలో పెట్టి ఉంటే వాసన పసిగట్టేవాడు కాదు. నమ్మి నమిలి మింగేవాడు.

"చెప్పు," అన్నాడు మళ్లీ. "కొంచెం పులుపు ఓకే. కుళ్లు నో. ఏది ఇది?"

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. కోపం లేదు. నేను ఏది చెప్తే అది వినడానికి సిద్ధంగా ఉన్నాడు. మంచిదే అంటే రేపు బల్ల మీద ఉంటుంది. మళ్లీ వాసన చూశాను. పులుపే. లోపల ఇంకేదో. నిజంగా తేల్చుకోలేకపోయాను. "తెలుస్తలేదు సారూ. ఐ డోంట్ నో" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"డోంట్ నో?" అన్నాడాయన. "డోంట్ నో అంటే డస్ట్‌బిన్."

నాలుగింటినీ ఆయనే నల్ల సంచిలో వేశాడు. ఒక్కొక్కటి వేసేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగింది. సంచి మూతి కట్టి, కూర్చుని, ఐదోదాన్ని ఒళ్లో పెట్టుకుని నాకు పాఠం మొదలుపెట్టాడు. తెల్లగా, పొడిగా ఉంటే మంచిది, తినేముందు తోలు ఒలిచేయాలి. పచ్చగా నల్లగా వెంట్రుకల్లా లేచినా, బంకగా సాగినా, నడుమ మెత్తబడినా, ముక్కు వద్దన్నా పారేయాలి. కోయకముందు చల్లటి గదిలో గాలికి వేలాడాలి. కోశాక కోసినవైపు కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయాలి. ప్రతిదానికీ నేను తల ఊపుతున్నాను. ఒకచోట ఆయన ఆగి, "ఇప్పుడు రెండుసార్లు ఊపావు. ఎందుకు?" అన్నాడు.

అదీ చెప్పేశాను. ఒకటంటే అర్థమైనట్టు, రెండంటే కానట్టు అని. ఆ పొద్దున ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

శుక్రవారం భోజనానికి సలామీ లేదు. కోడికూర, పప్పు, అన్నం పెట్టాను. సారు స్నేహితులను ఒక్కొక్కరినీ అడిగాడు, ఇతని వంట ఎట్లా ఉంది, నిజం చెప్పండి అని. కోడికూర బాగుందన్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నారు. సారు నా వైపు తిరిగి, "ఉప్పు ఎక్కువట" అని చాలా గంభీరంగా చెప్పాడు. మర్నాడు వీసా కాగితాలకు ఫొటో కావాలని అడిగాడు. సర్దిన సంచీ విప్పి అందులోంచే ఫొటో తీసి ఇచ్చాను.

ఐదో సలామీని ఇంకో రెండు వారాలు నేనే చూసుకున్నాను. రోజూ నొక్కేవాణ్ణి, వాసన చూసేవాణ్ణి. తెలుపు జోలికి పోలేదు. మా ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా తునకలు ఎండాయా అని అడిగేది. ఎండాయి అనేవాణ్ణి.

కోసే రోజు సారు భాయ్‌ని కూడా పిలిచాడు. భాయ్ గుమ్మం అవతలే నిలబడ్డాడు. తోలు ఒలిచి సన్నటి ముక్క కోశాడు సారు. ఎర్రగా, మధ్య మధ్య తెల్లగా, చెమ్మ లేకుండా ఉంది. ముందు నాకే ఇచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మిరియాలు, వెల్లుల్లి, ఆ పుట్టగొడుగు వాసన, వెనకాల కొద్దిగా పులుపు. నేను ఎన్నడూ తినని, తినబోని తిండి. అది మంచిదని మాట ఇవ్వాల్సింది మాత్రం నేనే. ముక్క ఆయనకు తిరిగిచ్చాను. ఆయన దాన్ని పెదాల దాకా తీసుకుపోయి ఆపి నా వైపు చూశాడు.

తల ఊపాను. ఆయన కదల్లేదు. రెండోసారి ఊపుతానేమోనని చూస్తున్నాడు. నేను ఊపలేదు. అప్పుడు తిన్నాడు.